ఆలస్యంగా పలికిన తూటా

ఓస్మో గుడ్డసంచీని బోర్లించాడు. పేలిపోయిన తూటాల ఇత్తడి తొడుగులు ఆర్మస్ బల్లమీద గలగలా దొర్లాయి. ఒకటి కిందపడి పొయ్యి దాకా పోయింది. ముసలాయన వంగబోతుంటే "నువ్వుండు మామా, ఆ మోకాళ్ళతో ఎక్కడ వంగుతావు" అని ఓస్మోయే వంగి తీశాడు.

"శనివారానికి నింపి ఇవ్వాలి. ఈ ఏటికి అదే ఆఖరి వేట. ఇంకో దుప్పికి అనుమతి మిగిలుంది."

"అవుతాయిలే."

"నీ చేతి తూటాలుంటే మాకు సగం వేట అయిపోయినట్టే." ఓస్మో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోర్పివార ఊరి వేట సంఘానికి అతనే నాయకుడు. అడవిలో ఎవరు ఏ చోట తుపాకీతో నిలబడాలో, ఎవరు కేకలేస్తూ దుప్పుల్ని వాళ్ళమీదికి తోలాలో అతనే చెబుతాడు. మాట పెద్దదే గాని మనసు చెడ్డది కాదు. కాకపోతే ఒక మాట అనేశాక దాన్ని వెనక్కి తీసుకోవడం అతనికి చేతకాదు.

ఆర్మస్ కాఫీ పోసి, అక్కడి అలవాటు ప్రకారం అందులో జున్నుముక్కలు వేసి అతని ముందు పెట్టాడు. ఓస్మో చెంచాతో జున్ను నొక్కుతూ, "నిన్నటి సంగతి తెలిసిందా?" అన్నాడు.

"తుపాకీ మోత విన్నాను. వేటగాళ్ళకి కాఫీ కాచే మంట దగ్గరే ఉన్నాగా."

"ఒక్కటే మోత. అదీ దండగ. మీ తమ్ముడి కూతురు కైసు పిల్లదుప్పిని పొట్టలో కొట్టి వదిలేసింది మామా. ఎంత దూరంలో అనుకున్నావు? ఈ గదినుంచి నీ ఆవిరిస్నానాల సౌనా గుమ్మం ఎంతో అంత. గుడ్డివాడు కూడా పడగొడతాడు. పైగా ఏమంటుందో తెలుసా? తుపాకీ ఆలస్యంగా పలికిందట!"

ఆర్మస్ చేతిలో ఉన్న తొడుగు అక్కడే ఆగిపోయింది.

"ఆలస్యంగా అంటే?"

"ట్రిగ్గర్ నొక్కితే టక్కుమందట. పేల్లేదే అనుకుందట. అనుకుని తలెత్తుతుంటే అప్పుడు ఢామ్మందట. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే మరి. మంచం పట్టిన మనిషి ఆలస్యంగా పలుకుతాడు గాని తుపాకీ పలుకుతుందా? భయపడింది, కుదిపింది, అంతే. ఒప్పుకుంటే పోయేదిగా."

చెప్పడానికి ఆర్మస్ నోరు తెరిచాడు. తీరా తెరిచాక వచ్చిన మాట వేరు. "నిన్న చలెంత?"

"సున్నాకి ముప్పై కింద. ముక్కులో వెంట్రుకలు కూడా గడ్డకట్టాయి. చలి అందరికీ ఒకటేగా మామా." ఓస్మో జున్ను నోట్లో వేసుకున్నాడు. "అందుకని శనివారం ఆ చోటు యోర్మాకిస్తున్నాం. కైసు తోలేవాళ్ళతో నడుస్తుంది. పోయిన మీ తమ్ముడి చోటని ఇన్నాళ్ళూ ఆ పిల్లకే ఉంచాం. ఇంక కుదరదు. నీకేమైనా అభ్యంతరమా?"

పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"నాకేం అభ్యంతరం," అన్నాడు ఆర్మస్.

ఓస్మో వెళ్ళాక చాలాసేపు ఆయన బల్ల దగ్గరే కూర్చున్నాడు. బల్లమీది అరలో రెండు తుపాకీమందు డబ్బాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి పాతది, ఖాళీ. పెన్సిల్ ములుకును సన్నగా తరిగి పోసినట్టుండే నల్లటి మందు అందులో ఉండేది. కొలత గొట్టంలో పోస్తే ములుకులు అడ్డంపడి ఇరుక్కుంటాయి. ఒక తూటాలో ఎక్కువ పడుతుంది, ఒకదానిలో తక్కువ పడుతుంది. అందుకని ప్రతి తూటాకీ విడిగా త్రాసులో తూచాలి, చిన్న చెంచాతో ములుకు ములుకుగా రాల్చాలి. ఆ పని ఆయన తన పెళ్ళినాటినుంచీ చేస్తున్నాడు. రెండోది కొత్త డబ్బా. అందులో మందు గసగసాల్లా గుండ్రంగా, నున్నగా ఉంటుంది. గొట్టంలో పోసి మీట తిప్పితే చాలు, నీళ్ళలా జారి ప్రతిసారీ ఒకే కొలత పడుతుంది. త్రాసుతో పనిలేదు.

ఆర్మస్ కుడిచెయ్యి చాపి చూసుకున్నాడు. బొటనవేలు వణుకుతోంది. నిరుటి వసంతంనుంచి అది అలాగే వణుకుతోంది. చెంచాతో ములుకులు రాలుస్తుంటే సగం బల్లమీదే పడుతున్నాయి. ఆ సంగతి ఎవరికీ తెలియదు. అందరి తూటాలూ ఎలాగోలా పాత మందుతోనే ముగించాడు. చివరికి కైసు తూటాలు మిగిలేసరికి పాత డబ్బా అడుగంటింది. కొత్తది తెరిచి, మీట తిప్పి, ఒక్క పూటలో నింపేశాడు. చేతికి ఎంత హాయిగా అనిపించిందో! ఈల కూడా వేశాడు.

తూటా ఆలస్యంగా పలకడమంటే ఏమిటో ఓస్మోకి తెలియకపోవచ్చు. నింపేవాడికి తెలుసు. తుపాకీ సుత్తి తూటా అడుగున ఉన్న క్యాపును కొట్టింది. క్యాపులో నిప్పు పుట్టింది. ఆ నిప్పు మందుకి అంటుకోకుండా తచ్చాడింది. ఆ తచ్చాడిన రెప్పపాటులో ఒక ఆడపిల్ల తల ఎత్తింది, ఒక పిల్లదుప్పి ముందుకు అడుగేసింది.

బయట అప్పుడే చీకటి పడుతోంది. చలికాలంలో అక్కడ మధ్యాహ్నం అంటేనే సాయంత్రం. కట్టెలకోసం తలుపు తీస్తే, బంగాళాదుంప చేనుకు అవతల, అడవి మొదట్లో ఏదో నిలబడి ఉంది. గుర్రమంత ఎత్తు, బూడిదరంగు. తల్లి దుప్పి. ఆయనవైపు చూడలేదు. చిత్తడినేలవైపు చెవులు రిక్కించి ఉంది. కాసేపటికి మంద్రంగా, ముక్కులోంచి మూలిగినట్టు ఒక పిలుపు పిలిచి ఆగింది. మళ్ళీ చెవులు తిప్పింది. జవాబు రాలేదు.

ఆర్మస్ కట్టెలు తీసుకోకుండానే లోపలికి వచ్చేశాడు. వెనకాల తలుపు గడియ టక్కుమంది. టక్కు తర్వాత రావలసిన ఢామ్ము కోసం చెవి ఎదురుచూసింది.

పిల్లదుప్పి దొరికిందని మర్నాడు కబురు వచ్చింది. కైసు ఒక్కతే తన కుక్క హల్లిని తీసుకుని, కాళ్ళకి కట్టుకుని జారే మంచుకర్రలమీద చిత్తడినేలంతా గాలించి, ఆల్డర్ పొదల్లో పట్టుకుందట. అప్పటికే చచ్చి కొయ్యబారిపోయింది. కాకులు కళ్ళు తినేశాయి. గుండు పొట్టలోనే ఉంది. "పొట్టలోనేగా! మేమేమన్నాం?" అన్నారట ఊళ్ళో. పోగొట్టినదాన్ని వెతికి పట్టుకున్నందుకు ఒక్కడూ మంచిమాట అనలేదు.

ఆ పొద్దున్నే ఆర్మస్ బస్సెక్కి చర్చి ఉన్న పెద్ద ఊరు వెళ్ళాడు. అక్కడ ఇనుపసామాను కొట్టు వెనకగదిలో విల్హో వేటసామాను అమ్ముతాడు. ఇద్దరూ ఒకే ఏడు సైన్యంలో చేరినవాళ్ళు. ఒకరినొకరు తిట్టుకోవడానికి ఆ మాత్రం హక్కు చాలు.

"గసగసాలు అప్పుడే అయిపోయాయా?" అన్నాడు విల్హో.

"పాతది కావాలి. ములుకుల మందు."

"మొన్నేగా ములుకులు గొట్టంలో ఇరుక్కుంటున్నాయని నా తాతముత్తాతల్ని తిట్టావు?"

"ఇరుక్కుంటే ఇరుక్కోనీ."

విల్హో డబ్బా తీసి బల్లమీద పెట్టాడు గాని దానిమీంచి చెయ్యి తియ్యలేదు. "అది మంచి మందే ఆర్మస్. ఆ నున్నటి గింజలమీద పూత ఉంటుంది, గట్టి చలికి మొండికేస్తుంది. అందుకనే గట్టి క్యాపులు పెట్టమన్నాను. మామూలు క్యాపు నిప్పు దానికి చాలదన్నాను. అన్నానా లేదా?"

"అన్నావు."

"పెట్టావా?"

ఆర్మస్ చేతితొడుగులు వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకున్నాడు. "ఇంట్లో మామూలువి సొరుగునిండా ఉన్నాయి. మొదట్నుంచీ అవేగా పెడుతున్నాను. నీకు క్యాపులు అమ్ముకోవాలని ఉందనుకున్నాను."

విల్హో నవ్వలేదు. "ఎవరికైనా ఏమైనా అయిందా?"

"మనుషులకేం కాలేదు," అన్నాడు ఆర్మస్.

బస్సులో వస్తూ దారిపొడుగునా డబ్బాను ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా ఏదో టక్కుమంటూనే ఉంది. ప్రతిసారీ ఆయన డబ్బాను గట్టిగా అదుముకున్నాడు. పక్కసీటు ఆవిడ "ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది కూడా.

కైసుకి నింపిన తూటాల్లో ఆరేడు ఆయన దగ్గరే మిగిలాయి. వాటిని ఒక రేకుడబ్బాలో పెట్టి సౌనా వసారాలో చలికి వదిలేశాడు. తెల్లవారాక డబ్బా చేతికి అంటుకుపోయేంత చల్లబడింది. దాన్ని జేబులో పెట్టుకోలేదు, ఒంటివేడి తగులుతుందని. తాడుకట్టి పట్టుకుని, రైఫిల్ భుజాన వేసుకుని, ఊరిచివర గులకరాళ్ళ గొయ్యి వైపు నడిచాడు. అనుమానం ఉన్నంతవరకే గుండెకి ఆసరా. దాన్ని పోగొట్టుకోవడానికి వెళుతున్నానని ఆయనకి తెలుసు. అయినా వెళ్ళాడు.

గొయ్యి అంచుకు చేరాక ఆగిపోయాడు. కొత్త మంచుకర్రల చారలు, పక్కనే కుక్క అడుగులు. ఒక పైన్ చెట్టు మొద్దుమీద మంచు శుభ్రంగా తుడిచి ఉంది. దానిమీద పేలిన తొడుగులు రెండు వరసల్లో నిలబెట్టి ఉన్నాయి. ఒక వరస పొట్టిది, ఒకటి పొడుగు. ఆర్మస్ ఒకదాన్ని తీసి తిరగేశాడు. క్యాపు చుట్టూ ఎర్రటి రంగు గీత. చచ్చిపోయిన భార్య గోళ్ళరంగుతో ఆ గీత గీసింది ఆయనే. అది ఆర్మస్ నింపిన తూటా అని అందరికీ గుర్తు.

రెండు వరసలెందుకో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. వేళకి పలికినవి ఒకవైపు, ఆలస్యంగా పలికినవి ఒకవైపు. పొడుగు వరస ఏదై ఉంటుందో కూడా తెలుసు. అయినా రైఫిల్‌లో ఒక తూటా పెట్టి, ఎదుటి గట్టుకు గురిపెట్టి నొక్కాడు.

టక్.

గొయ్యిలో గాలి కదల్లేదు. ఆ కొద్ది వ్యవధిలో ఆయనకి పిల్లదుప్పి కాలు కనిపించింది, ముందుకి పడుతూ.

ఢాం.

ప్రతిధ్వని అడవంతా తిరిగొచ్చింది. ఆర్మస్ తొడుగు తీశాడు. పొడుగు వరస చివర నిలబెట్టాడు. వేళ్ళు వణకడంవల్ల అది రెండుసార్లు పడిపోయింది. ఇంకొకటి పేల్చడానికి చెయ్యి రాలేదు.

ఇంటికి పోలేదు. తిన్నగా కైసు పశువులకొట్టానికి వెళ్ళాడు. లోపల వెచ్చగా, పాలవాసన. కైసు ముక్కాలిపీటమీద కూర్చుని ఒక ఆవు పొదుగు తుడుస్తోంది. ఆయన్ని చూసి, "రా పెదనాన్నా, తలుపు వేసెయ్, చలొస్తుంది" అంది.

"గొయ్యి దగ్గరికెళ్ళాను."

తుడిచే చెయ్యి ఆగలేదు. "ఆ మోకాళ్ళతోనా? జారిపడితే ఎవరు ఎత్తుకొస్తారు నిన్ను?"

"నీకు తెలుసు."

"వేట మర్నాడు, ఆదివారమే తెలిసింది."

"మరి ఓస్మోతో ఎందుకు చెప్పలేదే?"

"చెప్పానుగా, ఆలస్యంగా పలికిందని. నవ్వారు." కైసు గుడ్డ పిండింది. "నిజంగా పేల్చి చూపిస్తే నమ్మేవాళ్ళే. అప్పుడు తూటా తప్పంటారు. ఆ తూటా ఎవరు నింపారో ఊళ్ళో తెలియనివాళ్ళు ఎవరున్నారు? ఇక నీ దగ్గరికి ఒక్కడూ రాడు. నీకు ఆ బల్ల తప్ప ఇంకేముంది పెదనాన్నా."

ఆర్మస్ ఆవు నడుముమీద చెయ్యి ఆనించాడు. "మీ నాన్న చోటు పోయిందే నీకు."

"పోయింది." అంతసేపూ మామూలుగా ఉన్న గొంతు అక్కడ కొంచెం తగ్గింది. "చిన్నప్పుడు నన్ను ఆ చోట పక్కన కూచోబెట్టుకునేవాడు. కదిలితే చెవి మెలిపెట్టేవాడు. పోనీలే. చోటు పోయినందుకు కాదు నాకు బాధ."

"మరి?"

"ఆ పిల్ల మూడుచోట్ల పడుకుంది పెదనాన్నా. ఒక్కోచోట మంచు కరిగి గుంటపడింది, నెత్తురు గడ్డకట్టింది. ప్రతి గుంట పక్కనా దాని తల్లి నిలబడిన అడుగులు. అక్కడే తొక్కి తొక్కి నిలబడింది. లేపి లేపి నడిపించింది." ఆమె పాలబకెట్టు దగ్గరికి లాక్కుంది. "మా ఆవులు పిలిచినా ఇప్పుడు నాకు అదే అనిపిస్తోంది."

"మా పొలందాకా వస్తోంది ఆ తల్లి," అన్నాడు ఆర్మస్.

"ఇక్కడికీ వచ్చింది," అంది కైసు.

మిగిలిన రోజులన్నీ ఆయన బల్ల దగ్గరే గడిపాడు. కొత్త డబ్బా మూత తియ్యలేదు. పాత మందు పోసి, త్రాసు ముందు కూర్చుని, ములుకు ములుకుగా రాల్చాడు. వణికే చేతిని ఎడమచేత్తో పట్టుకుని రాల్చాడు. బల్లమీద పడిన ములుకుల్ని ఊది, మళ్ళీ తూచి, మళ్ళీ రాల్చాడు. అప్పట్లో ఒక్క పూటలో అయ్యే పని రెండురోజులు పట్టింది. మీట తిప్పితే జారిపోయే హాయి కోసం ఎంత పని చేశానురా దేవుడా అనుకున్నాడు. పొద్దు వాలేవేళ చేనుకవతల పిలుపు వినిపించినప్పుడు చెంచా కింద పెట్టి, అది ఆగేదాకా ఆగేవాడు.

నిజం తెలిసినవాళ్ళు ఇద్దరే. అందులో ఒకరు నోరు విప్పరు. రెండోవాడు విప్పకపోతే అడిగేవాడు లేడు. సీజను ముగుస్తుంది, మంచు కప్పేస్తుంది, వచ్చే ఏటికి ఊరు వేరే సంగతి మాట్లాడుకుంటుంది. ఈ లెక్క ఆయన ఎన్నిసార్లు వేసుకున్నాడో! వేసుకున్న ప్రతిసారీ సరిగ్గానే తేలింది. తేలినప్పుడల్లా ఒళ్ళు జలదరించింది.

శనివారం దుప్పి పడింది. పడగొట్టినవాడు యోర్మా, పడగొట్టింది కైసు చోటునుంచి, ఆర్మస్ తూచి నింపిన తూటాతో. తోలేవాళ్ళతో నడుమెత్తు మంచులో నడిచి, అరిచి అరిచి గొంతు పోయి కైసు బయటికి వచ్చేసరికి, యోర్మా రైఫిల్ పైకెత్తి అందరికీ వినబడేట్టు, "అదేం వింతో, నాకు ఎక్కడా ఆలస్యం లేదు! నొక్కాను, పలికింది. ఆ చోటుకి మగాళ్ళంటే ఇష్టమేమో" అన్నాడు. ఓస్మో కూడా నవ్వాడు. కాఫీ మంట దగ్గర కూర్చున్న ఆర్మస్‌కి ఆ నవ్వు తన త్రాసులో తూచి ఇచ్చినట్టే అనిపించింది.

మర్నాడు మాంసం పంచారు. సంఘం షెడ్డులో పొడుగాటి బల్లమీద మాంసం కుప్పలు పోశారు. ఎవరికే కుప్ప అన్న తగువు రాకుండా అక్కడొక ఆచారం ఉంది. ఒక పెద్దమనిషి అందరికీ వీపు పెట్టి, గోడకేసి చూస్తూ నిలబడతాడు. నాయకుడు ఏదో ఒక కుప్పమీద కర్ర పెట్టి "ఇదెవరిది?" అంటాడు. గోడవైపున్నవాడు నోటికొచ్చిన పేరు చెబుతాడు. ఎముక ఎక్కువైనా కండ తక్కువైనా గోడమీద కోపగించుకోలేరు. ఆ పెద్దమనిషి చాలా ఏళ్ళనుంచీ ఆర్మసే.

ఆయన గోడకు ముఖం పెట్టాడు. పలకల సందుల్లో గడ్డకట్టిన నాచు. వెనక బూట్ల చప్పుళ్ళు, దగ్గులు.

"ఇదెవరిది?"

"ఆహో ఇంటివాళ్ళది."

"ఇదెవరిది?"

"యోర్మాది."

"అబ్బ, ఎముకలేగా అన్నీ! పడగొట్టినవాడికి ఇదా మర్యాద మామా?" అన్నాడు యోర్మా. అందరూ నవ్వారు.

"ఇదెవరిది?"

"కైసుది."

"చూసి తీసుకో కైసూ. పొట్ట ముక్క ఉందేమో, అది నీకు అలవాటైన చోటేగా," అన్నాడు యోర్మా. మళ్ళీ నవ్వులు. కైసు మాంసాన్ని సంచీలోకి ఎత్తుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

ఓస్మో కర్ర ఇంకో కుప్పమీద పడింది. "ఇదెవరిది?"

ఆర్మస్ పలకలేదు.

"మామా, నిద్రపోయావా? ఇదెవరిదంటే?"

"ఆ తూటా నాది," అన్నాడు ఆర్మస్ గోడతో.

"ఏంటీ?"

"కైసు తూటా. ఆలస్యంగానే పలికింది. ఆ అమ్మాయి చెప్పింది నిజం. పాత మందు అయిపోతే కొత్తది పోశాను. దానికి గట్టి క్యాపు పెట్టమని విల్హో చెప్పాడు, నేను పెట్టలేదు. నా చెయ్యి వణుకుతోంది. తూచలేక ఆ మందు ఎంచుకున్నాను. చలికి అది అంటుకోలేదు. గొయ్యి దగ్గర పేల్చి చూశాను. ఎవరి చెయ్యీ అదరలేదు. ఆ పిల్లదుప్పిని నేను కొట్టాను, నా బల్ల దగ్గర కూచుని."

చెప్పేశాక నుదురు పలకకి ఆనించాడు. ఇప్పుడు వస్తుంది అనుకున్నాడు. మాటలు, తిట్లు, ఖాళీ తొడుగులు వెనక్కి పట్టుకుపోవడం, తన బల్లమీద దుమ్ము. వీపు బిగించుకుని నిలబడ్డాడు.

మొదట ఓస్మో గాలి వదిలాడు. "ఓస్, ఇంతేనా! నేనేదో అనుకుని హడలిపోయాను. చలికి మందు బద్ధకిస్తే నువ్వేం చేస్తావు మామా? దానికి కూడా దిగులేనా!"

"నీ తప్పేముంది, వయసు అట్లాంటిది," అన్నారు ఇంకెవరో.

"మా నాన్నకీ ఇలాగే చెయ్యి వణికేది. చెబితే మేమే వచ్చి మీట తిప్పేవాళ్ళంగా," అన్నాడు యోర్మా. నిజంగా ప్రేమగానే అన్నాడు. ఎవరో వచ్చి ఆయన వీపు తట్టారు. ఒక దుప్పి పిల్లకోసం పెద్దమనిషిని బాధపెడతామా అన్నారు. షెడ్డంతా తేలికైపోయింది.

ఆర్మస్ మాత్రం గోడవైపే ఉండిపోయాడు. వారమంతా తను భయపడినది ఒక్క నిమిషంలో, ఒక్క నవ్వుతో అయిపోయింది. వీళ్ళ దగ్గర ఇంత దయ ఉంది. మొన్నటినుంచీ ఉంది. కైసు మంచులో నడుస్తున్నప్పుడూ ఉంది. చెయ్యని తప్పుకి ఆమెకి దొరకని మాట, చేసిన తప్పుకి తనకి అడగకుండానే దొరికింది. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ మాట ఆమెతో అనండి," అన్నాడు. ఈసారి గట్టిగా మళ్ళీ అన్నాడు. "నాతో అన్న మాట కైసుతో అనండి. అనేదాకా నేను ఇంకో పేరు చెప్పను."

షెడ్డులో బూట్లు కదిలాయి. యోర్మా దగ్గాడు. ఓస్మో కర్రతో బల్లని ఒకటి రెండుసార్లు తట్టాడు. అతనికి ఇది అలవాటులేని పని. "అదీ... కైసూ," అన్నాడు చివరికి, "మాకు తెలీదు కదా. వచ్చే ఏడు నీ చోటు నీదే. అందులో మాటేముంది."

"సరే," అంది కైసు. ఒక్క మాటే. దాంట్లో కోపమూ లేదు, సంతోషమూ లేదు.

ఆమె బూట్లు గోడవైపు వస్తున్న చప్పుడు ఆర్మస్‌కి తెలిసింది. పక్కకొచ్చి ఆగింది. కొట్టం వాసన, చలివాసన. మిగతావాళ్ళకి వినపడకుండా, మెట్టు జారుతుంది చూసుకో అని పెద్దవాళ్ళకి చెప్పేటప్పటి గొంతుతో అంది.

"పెదనాన్నా, ఇకనుంచి నా తూటాలు నేనే నింపుకుంటాను."

ఆర్మస్ తల ఊపాడు. గోడకే ఊపాడు. కాసేపటికి, "ములుకుల మందే తీసుకో. విల్హో దగ్గరుంది," అన్నాడు.

"తెలుసు. తెచ్చుకున్నాను." ఆయన మెడచుట్టూ జారిన మఫ్లరు సర్ది, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఓస్మో గొంతు సవరించుకున్నాడు. పంపకం మళ్ళీ మొదలైంది. ఇదెవరిది, ఇదెవరిది అంటుంటే ఆర్మస్ పేర్లు చెబుతూ పోయాడు. ఒక్కొక్కరూ తమ వాటా ఎత్తుకుంటూ ఆయన భుజం తడుతున్నారు. పక్కనున్న పెట్టెమీద ఎవరో నిన్నటి ఖాళీ తొడుగుల సంచీ పెట్టి, "తొందరేం లేదు మామా, వచ్చే ఏటికి" అన్నారు.

బల్లమీద ఆఖరికి ఒక్క కుప్ప మిగిలింది. అది ఎవరిదో అక్కడ అందరికీ తెలుసు. అయినా అడగాలి, అది ఆచారం.

"ఇదెవరిది?" అన్నాడు ఓస్మో.

ముసలాయన గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. నాది అనడానికి ఆయనకి నోరు రాలేదు.